మూడు చేపల ముద్ర

హిందీ నాట, ఉక్కు ఫ్యాక్టరీ టౌన్‌షిప్ రిసాలిలో ఆ వీధికి ఇవతల ఒక వినాయకుడు, అవతల ఒక వినాయకుడు. ఇద్దరి తొండాలూ ఒకరి మీదికొకరు గురిపెట్టుకున్నట్టే ఉన్నాయి. మూడేళ్ళ క్రితం వరకూ అక్కడి తెలుగువాళ్ళకు ఒక్కటే సంఘం, ఒక్కటే విగ్రహం. పులిహోరలో ఇంగువ వెయ్యాలా అక్కర్లేదా అన్న చర్చ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మధ్య సరిహద్దు తగాదాగా ముదిరి, సంఘం రెండుగా చీలింది. పాత సంఘానికి రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరైన బసవరాజు అధ్యక్షుడు. కొత్త సంఘానికి అతని అన్నగారి భార్య అచ్చమ్మ అధ్యక్షురాలు. వాళ్ళిద్దరి క్వార్టర్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ.

నిమజ్జనం నాటి ఉదయం కుముదిని అక్కడ ఆటో దిగేసరికి ఆ గోడకు అటూ ఇటూ వెదురు కర్రలు పోగవుతున్నాయి.

కారణం రెండు ఇత్తడి పూలకూజాలు. ముందురోజు మధ్యాహ్నం అందరూ అన్నదానం బంతుల్లో కూర్చున్న వేళ, ఒక్కో పందిరిలో ఒక్కోటి చొప్పున అవి మాయమయ్యాయి. వదిన మరిది మీదా, మరిది వదిన మీదా ఠాణాలో ఫిర్యాదు చేశారు. సబ్‌ఇన్‌స్పెక్టర్ ఆ రెండు కాగితాలనూ ఒకే గుండుసూదికి గుచ్చి, సాయంత్రం ఊరేగింపులు కదిలే లోపల కూజాలు దొరక్కపోతే అధ్యక్షులిద్దరినీ ఒకే జీపులో ఎక్కిస్తానని కబురు చేశాడు. బసవరాజుకు జైలుకన్న ఆ జీపులో వదిన పక్కన కూర్చోవలసి రావడమే భయంకరంగా తోచింది. ఆ మాట ఆయన నోరు విడిచే చెప్పాడు. అటు అచ్చమ్మ, తన పందిరిలో దొంగతనం చేసినవాళ్ళు ఈ వీధి దాటి చెరువుకు ఎలా వెళతారో చూస్తానంది. కర్రలు అందుకే.

ఇరవై ఎనిమిదేళ్ళు సాంఘిక శాస్త్రం బోధించి, రిటైరయ్యాక స్మృతి నగర్‌లోని తన ఇంటి గేటుకు 'పరిశోధనలు' అని చిన్న బోర్డు తగిలించుకున్న కుముదినిని రెండు సంఘాలూ వేరువేరుగా పిలిచాయి. ఆవిడ ఇద్దరి దగ్గరా ఫీజు పుచ్చుకోనంది. ఒకే తగవులో రెండు పక్షాల సొమ్మూ తినడానికి వేరే వృత్తులున్నాయని, తనది ఆ వృత్తి కాదని చెప్పింది.

ఆ వృత్తి చేసేవాడు వీధి మధ్యనే ఉన్నాడు.

చక్రికి సుపేలాలో సౌండ్ సర్వీసు ఉంది. రెండు పందిళ్ళకూ మైకు సెట్లు అతనివే. టౌన్‌షిప్ కరెంటు ఆ సౌండ్ బాక్సుల భారం మొయ్యలేక చేతులెత్తేస్తే, వీధి నడిమధ్య ఒక ట్రాలీ మీద జనరేటర్ పెట్టి, దాని నుంచి చెరోవైపుకూ తీగలు లాగాడు. కుముదినిని చూడగానే ప్లాస్టిక్ కుర్చీ వేసి, టీ తెప్పించాడు.

"కింద పెట్టకండి టీచరమ్మా, చల్లారిపోద్ది. ఇదుగో, దీని మీదెట్టండి. జనరేటర్ పక్కనే గదా, ఎంతసేపైనా ఏడిగానే ఉంటాది."

బాక్సుల స్తంభం పడిపోకుండా జనరేటర్ పక్కన తాళ్ళతో బిగించిన ఇనపదిమ్మ అది. మసిబారిన దాని చదునైన నెత్తి మీద కుముదిని టీగ్లాసు పెట్టింది.

"మొదటి రోజు ఎన్ని బాక్సులు పెట్టావు?"

"చెరో రెండండి."

"ఇవాళ?"

చక్రి అటూ ఇటూ చూశాడు. "చెరో పద్నాలుగు."

"ఎలా పెరిగాయి?"

"భక్తి పెరిగిందండి."

"చక్రీ."

ఆ ఒక్క పిలుపుతో ఇరవై ఎనిమిది బ్యాచ్‌ల పిల్లలు నిజాలు చెప్పారు. చక్రి కూడా చెప్పాడు. "అచ్చమ్మ పెద్దమ్మగారితో ఊరికే అన్నానండి, బసవరాజు బాబుగారు నాలుగు బాక్సులకి ఆర్డర్ ఇచ్చీసారని."

"ఇచ్చాడా?"

"అప్పటికి లేదండి. అమ్మగారు ఆరు అడిగినాక ఇచ్చారు."

"నువ్వు వెళ్ళి ఆరు సంగతి చెప్పాక."

"చెప్పకపోతే ఆయనకి అన్నేయం చేసినట్టవదేటండీ?"

"సాయంత్రం వీళ్ళు తలలు పగలగొట్టుకుంటే?"

"నానెవర్నీ కొట్టుకోమన్లేదు గదండీ. అడిగినోళ్ళకి ఇచ్చినాను. నానివ్వకపోతే దుర్గ్ నుంచి ఇంకోడొచ్చి ఇస్తాడు."

ఈ వాక్యం కుముదిని గతంలో చాలా పుస్తకాల్లో చదివింది. అక్కడ దాన్ని చెప్పినవాళ్ళు టై కట్టుకుని, జెనీవాలోనో ఇంకోచోటనో నీళ్ళగ్లాసుల ముందు కూర్చుని చెప్పారు. ఎర్ర బనీను వేసుకున్నవాడి నోట వినడం ఇదే మొదటిసారి. అర్థం ఏమీ మారలేదు.

"నిన్న అన్నదానం వేళ ఎవరైనా కొత్తవాళ్ళు కనిపించారా?"

"ఇరవై ఎనిమిది బాక్సులండి. పక్కన ఏనుగొచ్చి నిలబడినా తెలీదు."

తరువాతి వంతు గణపతిరావుది. టెక్కలి నుంచి ముప్ఫై ఏళ్ళ క్రితం వచ్చి పాత ఇనుము వ్యాపారంలో స్థిరపడ్డ గణపతిరావు రెండు సంఘాలకూ చుట్టమే. కూజాలను కానుకగా ఇచ్చింది అతనే. అసలవి కూజాలు కావు, పేలిన ఫిరంగి గుండ్ల ఖాళీ తొడుగులు. విదేశాల్లో యుద్ధం ముగిసినచోట మిగిలిన తుక్కును ఒక బొంబాయి కంపెనీ ఓడల్లో తెప్పిస్తుంది. అది కాండ్లా రేవు నుంచి లారీల్లో ఇక్కడి కొలుములకు వస్తుంది.

"నన్నే అనుమానిస్తన్నారేటమ్మా? ఇచ్చినోడే ఎత్తుకుపోతాడేటి?"

"అనుమానించడం లేదు, అడుగుతున్నాను. రెండూ ఒకే సరుకులోవా?"

"బిల్‌కుల్ కాదు. అచ్చమ్మగారిది ఇరాన్ మాల్. బసవరాజుది ఇరాక్ మాల్, కువైట్‌లో వదిలేసి పోయింది. ఒక్క కుప్పలోంచి ఇద్దరికీ ఇచ్చాననుకోండి, మా మాల్ ఎంగిలి చేసావంటారు. అందుకే ఏరి ఇచ్చినాను."

"ఇంకేమైనా ఇచ్చావా?"

"పూజకి ఇచ్చినవి ఆ రెండేనమ్మా."

కుముదిని ముందుగా కొత్త సంఘం పందిట్లోకి నడిచింది. విగ్రహానికి కుడివైపు నిలువెత్తు ఇత్తడి దీపపు కుంది ఉంది. పోయిన కూజాకు మూడింతల బరువుంటుంది. దొంగ దాన్ని ముట్టుకోలేదు. ఎడమవైపు బల్ల మీద ఆరిన బంకమట్టి ముద్ద ఒకటి, మధ్యలో గుండ్రని పల్లం.

"ఈ మట్టి ఏమిటి?"

అచ్చమ్మ పమిట నడుముకు బిగించి ఉంది. యుద్ధానికైనా వంటకైనా ఆవిడ ఉడుపు అదే. "ఏటి చెయ్యమంటావమ్మా? ఆళ్ళ డప్పులకి కూజా గంతులేసి పడిపోతన్నాది. అందుకే మట్టి పెట్టి అందులో గుచ్చినాను."

"వాళ్ళ డప్పులకా, మీ డప్పులకా?"

"మా పాటలు భక్తిపాటలమ్మా. వాటికి ఏదీ పడదు."

కుముదిని భూతద్దం తీసి పల్లంలోకి వంగింది. కూజా అడుగున చెక్కిన గుర్తు మట్టిలో ఉబ్బెత్తుగా అచ్చుపడి ఉంది. ఒకదాని తోక ఒకటి నోట కరుచుకుని వలయంగా తిరుగుతున్న మూడు చేపలు. వాటి నడుమ, అద్దంలోలా తిరగబడి, 84.

"ఓ అదా," అంది అచ్చమ్మ. "మసిబొగ్గులా ఉండేదమ్మా. చింతపండేసి తోమితే బంగారంలా తేలింది. అడుగున చూస్తే చేపలు. మత్స్యావతారమే గదా అని పసుపు రాసి, బొట్టు పెట్టాను. మొన్న రాయపూర్ పేపరోళ్ళు వచ్చి దాంతో నాకు ఫొటో కూడా తీసారు. చేపలు కనపడాలని అడుగు పైకెత్తి పట్టుకున్నాను. మా మరిదికి ఆ ఫొటో చూసే కడుపుమంట."

"ఆ ఫొటో ఎప్పుడు పడింది?"

"మొన్న ఆదోరం. నిన్న దొంగతనం."

ఏదో ఫిరంగుల కార్ఖానా ముద్రకు ఈవిడ మూడు రోజులు హారతి పట్టింది. కుముదిని నవ్వలేదు. ప్రపంచంలో చాలా రాజధానులు నలభై ఏళ్ళుగా చేస్తున్నది అదే. అచ్చమ్మ కనీసం తెలియక చేసింది.

వీధి దాటి పాత సంఘం పందిట్లోకి వెళ్ళింది. ఇక్కడా అంతే. వెండిపూత పళ్ళేలున్నాయి, గంట ఉంది, కూజా లేదు. ఇక్కడా మట్టి ముద్ద ఉంది.

"ఆడోళ్ళ గుంపు గాదు గదా మాది, తోమడానికి," అన్నాడు బసవరాజు. "మాది నల్లగానే ఉండేది. పసుపు మాత్రం దిట్టంగా రాసాం. ఇనుమనుకుని ఎవడూ ముట్టుకోడనుకున్నాం. ముట్టుకున్నాదంటే మా వదినే."

"మీ వదినగారు నిన్న అన్నదానం వేళ ఎక్కడున్నారు?"

"మైకులో. నా అన్నం నాకు సయించకుండా మూడొందలమందికి వడ్డన చెప్పింది."

"మరి కూజా ఎలా తీసింది?"

బసవరాజు ఆలోచించాడు. "ఆవిడ తలుచుకుంటే తీస్తాదండీ."

కుముదిని రెండో పల్లంలోకి వంగింది. మూడు చేపలు. 84.

ఆవిడ నడుం నిటారుగా చేసింది. ఎనిమిదేళ్ళు ఒకరినొకరు చంపుకున్న రెండు దేశాలు. ఇటునుంచి అటు పేలిన గుండూ, అటునుంచి ఇటు పేలిన గుండూ ఒకే సంవత్సరం, ఒకే కప్పు కింద, బహుశా ఒకే మనిషి చేతుల మీదుగా తయారయ్యాయి. ఆ ఏడు ఆవిడ తొమ్మిదో తరగతికి ఆ యుద్ధానికి కారణాలు ఆరు చెప్పి, వరసగా రాయించింది. సరిహద్దు నది, చమురు, మతం, ఇంకా ఏవేవో. ఏడోది పాఠ్యపుస్తకంలో లేదు. ఆవిడ కోపం ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. ఇప్పుడు మంచుగడ్డ అయింది. సంచీలోంచి స్టీలు డబ్బా తీసి, రెండో ముద్దను బల్ల మీంచి కత్తితో లేపి అందులో పెట్టుకుంది. వీధి దాటి వెనక్కి వెళ్ళి మొదటి ముద్దను లేపుతూ ఉండగా, వెనకనుంచి బూట్ల చప్పుడు వినిపించింది.

"నమస్తే మేడమ్. అదిరే రహస్యం దొరికిందా?"

నల్లకళ్ళద్దాలు, తెల్లని చొక్కా, చేతిలో తోలు సంచీ, వెనక వీధి మలుపులో అతను దిగిన తెల్ల అంబాసిడర్. రాజేంద్ర. ఒకప్పుడు ఆవిడ క్లాసులో చివరి బెంచీ. ఇప్పుడు బొంబాయిలో, ఆ తుక్కు తెప్పించే కంపెనీకే దర్యాప్తు అధికారి. పోయిన ఏడాది ఒక గోదాము అగ్నిప్రమాదం కేసులో ఆవిడ కనుక్కున్నదంతా తానే కనుక్కున్నట్టు పేపర్లో వేయించుకున్నవాడు.

"ఎప్పుడొచ్చావు?"

"ఇవాళే మేడమ్. బొంబాయి బండి దిగి, దుర్గ్ స్టేషన్ నుంచి సీదా ఇక్కడికే. ఏ పందిట్లోనూ కాలు పెట్టలేదు, ప్రసాదం కూడా తినలేదు. కంపెనీకి పబ్లిక్ సేఫ్టీ ముఖ్యం కదా. ఇక్కడ గొడవ అని ఫోనొస్తే వచ్చాను. కేసు కూడా హల్ చేసేశాను, దొంగెవరో తెలిసిపోయింది."

"అప్పుడే?"

"బసవరాజు అంకుల్ పెరట్లో బంతిరేకులున్నాయి. రెండూ ఆయనే తీశాడు. తనది కూడా తీసుకుంటే అనుమానం రాదని. సింపుల్."

వీధికి అటునుంచి బసవరాజు పరుగున వచ్చాడు. "నా పెరట్లో బంతిమొక్కలున్నాయిరా సన్నాసీ. రేకులు గాక సేమంతులు రాల్తాయేటి?"

రాజేంద్ర వినిపించుకోలేదు. "ఆ మట్టి ఇలా ఇవ్వండి మేడమ్. లాబ్‌కి పంపాలి." చెయ్యి చాపాడు. ముద్ద బల్ల అంచుమీద ఉంది. అతని వేలు తగలబోయింది. కుముదిని కత్తి చదునుతో ఆ వేలిని, హోంవర్కు తేని పిల్లవాడి వేలిని అన్నట్టుగా, ఒక్కటి వేసింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అలవాటు పోలేదు.

అప్పుడు ఆవిడ చూపు చొక్కా చేతి అంచు మీద ఆగింది. అక్కడ ఎర్రగా రెండు మరకలున్నాయి.

"ఇవేమిటి?"

"పాన్, మేడమ్. రైల్లో."

"అచ్చమ్మగారూ, పులిహోరలోకి నిమ్మకాయలున్నాయా?"

"ఎన్ని కావాల?"

"ఒక చెక్క చాలు."

నిమ్మచెక్క రావడానికీ, రాజేంద్ర చేతిని బసవరాజు ఒకవైపునుంచి అచ్చమ్మ ఇంకొకవైపునుంచి పట్టుకోవడానికీ పట్టిన సమయం ఒక్కటే. మూడేళ్ళలో ఆ ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అది. కుముదిని మరక మీద నిమ్మరసం పిండింది. ఎరుపు కరిగిపోయి, అందరి కళ్ళముందూ చక్కని పసుపురంగు తేలింది.

"పసుపు మరకను సబ్బుతో రుద్దితే ఎర్రబడుతుంది," అంది కుముదిని. "పులుపు తగిలితే మళ్ళీ పసుపవుతుంది. అత్తగారి పట్టుచీర ఉతికిన ఏ కోడలికైనా తెలుసు. పాన్‌కు ఈ గుణం లేదు. పందిట్లో కాలు పెట్టనివాడి చేతికి పందిట్లో పసుపు ఎలా అంటింది, రాజేంద్రా?"

"ఎక్కడో... ట్రైన్‌లో ఎవరో..."

"దొంగకు ఇత్తడి అక్కర్లేదు. కావలిస్తే కుంది తీసేవాడు. మసిపట్టిన కూజాను కూడా తీశాడంటే అదేమిటో వాడికి ముందే తెలుసు. ఆదివారం పేపర్లో చేపలు చూశావు. నిన్న రెండూ ఎత్తుకుపోయావు. మట్టిలో అచ్చు మిగిలిందని రాత్రికి గుర్తొచ్చింది. అందుకే ఇవాళ మళ్ళీ వచ్చావు."

"ప్రూఫ్ ఏటి మేడమ్?" కంగారులో అతని నోట మొదటిసారి ఇంటి యాస బయటపడింది.

"బసవరాజుగారూ, ఆ తెల్ల అంబాసిడర్ డిక్కీ."

డ్రైవరు తాళం ఇవ్వనన్నాడు. అచ్చమ్మ బానెట్ మీద కూర్చుంది. తాళం వచ్చింది. డిక్కీలో సుపేలా లాడ్జి పేరు కుట్టిన తువ్వాళ్ళలో రెండు కూజాలు, పురిటిబిడ్డల్లా పక్కపక్కన పడుకుని ఉన్నాయి. అక్కడే ఆ లాడ్జి సబ్బు కూడా ఉంది.

"నాది తోమినది," అంది అచ్చమ్మ.

"తెలుసులే వొదినా," అన్నాడు బసవరాజు. కర్రలు పట్టుకున్న కుర్రవాళ్ళు వాటిని ఏం చెయ్యాలో తెలియక పందిరి రాటలకు ఆనించారు.

కుముదిని రెండు కూజాలనూ బోర్లించి పక్కపక్కన పెట్టింది. "ఇది ఇరాన్ వాళ్ళు పేల్చింది. ఇది ఇరాక్ వాళ్ళు పేల్చింది. చేపలు అవే. నువ్వు ఇంత కంగారుపడ్డావంటే, పేపర్లు రాస్తున్నట్టు ఇప్పుడు ఢిల్లీలో మకాం వేసి మనకు ఫిరంగులు అమ్మజూపుతున్నది ఈ చేపల వాళ్ళే, అవునా? పక్కదేశం రాజధానిలో కూడా ఒక గది తీసుకునే ఉంటారు. వాళ్ళకు ఇక్కడి ఏజెంటు మీ కంపెనీయే. ఈ రెండు అడుగులూ ఒకే ఫొటోలో పడితే మీకు కష్టం."

రాజేంద్ర కళ్ళద్దాలు తీశాడు. దాచడానికి ఇంకేమీ మిగలనివాడికి వచ్చే ధైర్యం అతనికీ వచ్చింది. "అయితే ఏంటి మేడమ్? హమ్‌నే కిసీకో లడ్‌నే కో నహీ కహా. మేం ఎవరినీ కొట్టుకోమనలేదు. అడిగితే ఇచ్చాం. మేం ఇవ్వకపోతే ఇంకో దేశం ఇస్తుంది."

"కరెక్టే గదండీ," అన్నాడు చక్రి జనరేటర్ పక్కనుంచి.

రెండు పందిళ్ళవాళ్ళూ చక్రివైపు తిరిగారు. పద్నాలుగూ పద్నాలుగూ ఎలా వచ్చాయో వాళ్ళకు అప్పుడప్పుడే తడుతున్నట్టుంది. బసవరాజు మెల్లగా అడిగాడు. "ఒరే చక్రీ, నాకన్నా ముందు మా వదిన ఆరు అడిగిందన్నావు. తనంతట తానే అడిగిందేట్రా?"

"నువ్వే ముందు అడిగావని నాతో అన్నాడు," అంది అచ్చమ్మ.

చక్రి ఒక అడుగు వెనక్కి వేసి, మాట మార్చాడు. "ఆ సంగతి తరవాత. ముందీ బాబుగారిని అడగండి, ఇలాంటి డేంజర్ సామాను ఊళ్ళో పెట్టొచ్చా అని."

"డేంజర్ ఏమీ లేదు," అన్నాడు రాజేంద్ర. "మా మాల్ ప్రతిదీ చెక్ అయి వస్తుంది. ఇవి ఖాళీ తొడుగులు. ఇక్కడికి వచ్చినవి రెండే, రెండూ నా దగ్గరున్నాయి. బస్, కథ ఖతం."

"మరి నాకిచ్చినదో?" అన్నాడు చక్రి.

కుముదిని గణపతిరావు వైపు చూసింది.

"అది పూజకి గాదు గదమ్మా," అన్నాడు గణపతిరావు. "మీరు పూజకే అడిగారనుకున్నాను. స్తంభానికి బరువు కావాలన్నాడు, ఇచ్చినాను. అది ఇత్తడిది కూడా కాదు. ఇనుము. నిండుగా, ముక్కు మూసుకుని ఉన్నాది."

రాజేంద్ర ముఖంలో రంగు, నిమ్మరసం పిండకుండానే మారిపోయింది. "ముక్కుందా?" అన్నాడు. "ముక్కు దగ్గర పసుపు పట్టీ ఉందా?"

"ఉండేదండీ," అన్నాడు చక్రి. "జనరేటర్ వేడికి పెయింటు ఊడిపోనాది. ముక్కు కిందకి పెట్టి ఇటుకల్లో గుచ్చేసాను. భలే నిలబడింది."

ఆ పట్టీ మందు నిండి, ఇంకా పేలని గుండుకు వేసే గుర్తు. రాజేంద్ర తోలు సంచీని, కళ్ళద్దాలను, కూజాలను, కారును అక్కడే వదిలేసి స్టేషన్ దిక్కుకు పరుగెత్తాడు. అతని కంపెనీ ఇచ్చిన హామీ ఎంత గట్టిదో ఆ పరుగును చూసి ఆ వీధి అంతటికీ అర్థమైంది.

"అందరూ పందిళ్ళు వదిలి గోడల వెనక్కి వెళ్ళండి," అంది కుముదిని. గొంతు పెంచలేదు. "పరుగెత్తకండి. నడవండి. చక్రీ, జనరేటర్ ఆపు."

"స్విచ్చు దాని పక్కనే ఉందండి," అన్నాడు చక్రి. అతను అప్పటికే గోడ వెనక ఉన్నాడు.

బసవరాజు వదిన చెయ్యి పట్టుకున్నాడు. మొదటిసారి ఆవిడ విదిలించుకోలేదు. ఉదయం వేళని శబ్దం తగ్గించి పెట్టినా, ఇరవై ఎనిమిది బాక్సుల్లోంచి రెండు వేరువేరు వినాయక స్తోత్రాలు మోగుతూనే ఉన్నాయి. వాటి అదురుకు ట్రాలీ, ఇటుకలు, తాళ్ళతో కట్టిన ఆ దిమ్మ సన్నగా వణుకుతున్నాయి.

కుముదిని స్విచ్చు కోసం ట్రాలీ దగ్గరికి నడిచింది. దిమ్మ నెత్తిన తాను పెట్టిన గ్లాసు అలాగే ఉంది. అదురుకు టీ తొణికి, చుట్టూ మసిని కడిగేసింది. గ్లాసు అంచు పక్కనుంచి ఒక చేప, దాని నోట ఇంకొకదాని తోక, శుభ్రంగా మెరుస్తున్నాయి.

గ్లాసులో మిగిలిన టీ ఉడుకుతోంది.